పిల్లి ఇల్లు మారాలంటే

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో బెంగళూరులోని మహదేవపురకు మకాం మార్చే కుటుంబం వెంట పిల్లి కూడా ఉంటే, దాని ప్రయాణానికి ఏర్పాట్లు నెలన్నర ముందే మొదలుకావాలి. కారులో అయితే పది పన్నెండు గంటలు, విమానంలో గంటకు కాస్త అటూ ఇటూ. అయినా పిల్లి మీద పడే ఒత్తిడి ఆ గంటల లెక్కతో తేలదు. బయల్దేరే ముందు వారాల్లో దానికి ఏం అలవాటు చేశారు, చేరాక మొదటి రోజుల్లో దాన్ని ఎలా ఉంచారు అన్నదాన్ని బట్టే చాలావరకు తేలుతుంది. పిల్లి మనిషిని నమ్ముకుని బతికినా, ధైర్యం మాత్రం తనకు తెలిసిన చోటు నుంచే తెచ్చుకుంటుంది.

ఇళ్ళలో పెరిగే పిల్లులన్నిటికీ మూలం పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతాల అడవిపిల్లి. దాని శాస్త్రీయనామం ఫెలిస్ లిబికా. 2007లో వెలువడిన జన్యు పరిశోధన ఈ సంగతి తేల్చింది. అది ఒంటరిగా వేటాడే జంతువు. ఒక మేర ఎంచుకుని, అందులో ఏ పొద కింద ఎలుక దొరుకుతుందో, ఏదైనా తరిమితే ఏ రాతి సందులో దూరాలో తెలుసుకుని ఉండటమే దానికి రక్ష. భయం వేస్తే కుక్క తనవాళ్ళ దగ్గరికి పరుగెత్తుతుంది. పిల్లి దాక్కునే చోటు వెతుక్కుంటుంది. దాక్కునే చోటేదో తెలియని కొత్త ఇంట్లో అందుకే అది అంతగా బెదిరిపోతుంది, రోజూ అన్నం పెట్టే మనిషి పక్కనే ఉన్నా సరే.

ఆ మేరను పిల్లి కంటితో కంటే ముక్కుతోనే ఎక్కువ గుర్తుపెట్టుకుంటుంది. బుగ్గల మీద, గడ్డం కింద, నుదుటి మీద, తోక మొదట్లో, అరికాళ్ళలో దానికి వాసన గ్రంథులుంటాయి. తలుపు చట్రానికీ మంచం కోడుకీ కుర్చీ కాలికీ బుగ్గ రాసుకుంటూ పోయిన ప్రతిసారీ ఆ గ్రంథుల స్రావం అక్కడ అంటుకుంటుంది. మనిషి ముక్కుకు అది తెలియదు. పిల్లికి ముక్కుతో పాటు పైపళ్ళ వెనక, అంగిట్లో జాకబ్సన్ అవయవం అనే మరో ఘ్రాణేంద్రియం కూడా ఉంది. దేన్నో వాసన చూసి, నోరు సగం తెరిచి, పై పెదవి పైకి లాగి పిల్లి కాసేపు అలాగే ఉండిపోయిందంటే ఆ వాసనను ఈ అవయవానికి అందిస్తోందన్నమాట. బుగ్గల స్రావంలోని పదార్థాలను ఫ్రెంచి పశువైద్యుడు పాట్రిక్ పజా 1990లలో విడదీసి చూపాక, వాటిలో ఒకదాన్ని కృత్రిమంగా తయారుచేసి స్ప్రేలుగా, ప్లగ్గులో పెట్టే డిఫ్యూజర్లుగా అమ్ముతున్నారు. వాటి ప్రభావం గురించి పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. పిల్లి రోజూ పడుకునే, ఉతకని పాత దుప్పటికి ఖర్చు లేదు, దాని మీద నమ్మకం కూడా ఎక్కువే పెట్టుకోవచ్చు.

తల్లిపిల్లి కూనల్ని ఏడిళ్ళు తిప్పుతుందని తెలుగునాట మాట. అది నిజంగా చేసే పనే. అలికిడి ఎక్కువైనా, పాత చోట మురికి పేరుకున్నా కూనల మెడ పట్టుకుని ఒక్కొక్కదాన్నే మరో చోటికి చేరుస్తుంది. కానీ ఆ ఏడిళ్ళూ తల్లి ముందే తిరిగి చూసుకున్నవి, దాని మేర లోపలివి. గోనెసంచిలో వేసి ఏటి అవతల వదిలేస్తే తిరిగొచ్చిన పిల్లుల కథలు ఊరూరా ఉన్నాయి. 1922లో అమెరికా జంతుశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ హెరిక్ దీన్నే పరీక్షకు పెట్టాడు. కూనలున్న తల్లిపిల్లిని ఇంటి నుంచి కొన్ని కిలోమీటర్ల దూరంలో వదిలితే అది మళ్ళీ మళ్ళీ కూనల దగ్గరికి చేరింది. అంటే మహదేవపుర పరిసరాల్లోనే హూడి నుంచి కుందలహళ్ళికి ఇల్లు మారిన పిల్లి బయటపడితే పాత ఇంటి దారి పట్టే ప్రమాదం ఉంది. దూరప్రయాణంలో ప్రమాదం వేరు. అయిదారు వందల కిలోమీటర్లు వచ్చిన పిల్లి తప్పించుకుంటే తిరిగి వెళ్ళేందుకు దానికి ఇల్లంటూ ఉండదు; దగ్గర్లోనే ఏ కారు కిందో, ఏ మెట్ల సందులోనో నక్కి, పిలిచినా పలకదు. తప్పిపోయిన పిల్లుల మీద ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, దొరికిన పిల్లుల్లో 75 శాతం తప్పిపోయిన చోటికి 500 మీటర్ల లోపే దొరికాయి. కొత్త ఊళ్ళో పిల్లి కనిపించకపోతే ముందుగా చూడాల్సింది పక్క వీధి కాదు, ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్‌నే.

పిల్లులు దూరాలు తిరగడం కొత్తేమీ కాదు. సైప్రస్ ద్వీపంలోని షిల్లూరోకాంబోస్ దగ్గర మనిషి సమాధి పక్కనే పిల్లిని పూడ్చిన గుంట ఒకటి బయటపడింది. దాని వయసు సుమారు 9,500 ఏళ్ళు. ఆ ద్వీపంలో అడవిపిల్లులు సహజంగా లేవు కాబట్టి దాన్ని ఎవరో పడవ మీద సముద్రం దాటించి తెచ్చారు. తర్వాతి కాలంలో ఓడల ధాన్యం కాపాడేందుకు పిల్లులు ఖండాలు దాటాయి. అయితే ఓడపిల్లికి ఓడే ఇల్లు. రేవులు మారినా దాని గిడ్డంగి, దాని తాళ్ళు, దాని వాసనలు మారవు. కారులోనో రైల్లోనో వచ్చే ఇంటిపిల్లికి ఆ వెసులుబాటు లేదు. వెంట వచ్చే ఆ చిన్న పెట్టె ఒక్కటే దానికి మిగిలే సొంత చోటు కాబట్టి ఏర్పాట్లు అక్కడి నుంచే మొదలుకావాలి.

పెట్ క్యారియర్‌గా గట్టి ప్లాస్టిక్ పెట్టె మేలు. పిల్లి లేచి నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్ళు ముడుచుకుని పడుకునేంత చోటు చాలు. మరీ పెద్దదైతే బ్రేకు వేసినప్పుడల్లా లోపల జారిపోతుంది. ముందు తలుపుతో పాటు పైకప్పు కూడా తెరుచుకునే పెట్టె అయితే, బెదిరిన పిల్లిని కాళ్ళు పట్టి లాగాల్సిన అవసరం రాదు. చాలా ఇళ్ళలో ఈ పెట్టె అటక మీద ఉంటుంది, డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజునే దిగుతుంది. పెట్టె కనిపిస్తే సూది ఖాయమని పిల్లి నేర్చుకునేది అలాగే. ఆ పాఠాన్ని మరిపించాలంటే పెట్టెను హాల్లో తలుపు తీసి ఉంచాలి. మొదట కింది భాగం మాత్రమే పెట్టి అందులో పాత దుప్పటి పరవాలి. పిల్లి దానంతట అది ఎక్కి కూర్చోవడం మొదలయ్యాక పై భాగం బిగించాలి, ఆ తర్వాతే తలుపు. లోపలే మేత పెడుతూ, మొదట కొన్ని క్షణాలు, తర్వాత కొన్ని నిమిషాలు తలుపు మూయాలి. ఆ మీదట పెట్టె ఎత్తి గదిలో నడవడం, లిఫ్టులో దిగడం, నిలబడి ఉన్న కారులో కూర్చోవడం, చివరికి వీధి చుట్టూ ఒక చుట్టు. వియన్నాలో ఇలాగే 6 వారాల్లో 28 విడతలుగా తర్ఫీదు ఇచ్చిన పిల్లులను, ఏ తర్ఫీదూ లేని పిల్లులతో పోల్చి చూశారు. 2018లో ప్రచురించిన ఆ అధ్యయనంలో తర్ఫీదు పొందినవి కారులో తక్కువ బెదిరాయి. ఏర్పాట్లకు నెలన్నర కావాలనడం అందుకే. వేరే పనులన్నీ వారంలో ముగించవచ్చు, ఇది మాత్రం కుదరదు.

రెండు పిల్లులుంటే రెండు పెట్టెలు ఉండాల్సిందే. ఇంట్లో ఒకదాన్నొకటి నాకుకునే జంట కూడా కుదుపుల మధ్య ఒకే పెట్టెలో బందీ అయితే కొట్టుకుంటాయి.

టీకాలూ కాగితాలూ ఈలోపు చూసుకోవాలి. పిల్లులకు ప్రాణాంతకమైన పాన్‌ల్యూకోపీనియాకూ, జలుబులా కనిపించే హెర్పిస్, కాలిసి వైరస్‌లకూ కలిపి ఇచ్చే టీకా ఉంది. కూనలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి కొన్ని విడతలుగా ఇస్తారు. రేబిస్ టీకా పన్నెండు వారాలకు. మొదటిసారి వేసిన రేబిస్ టీకాతో రక్షణ ఏర్పడటానికి సుమారు మూడు వారాలు పడుతుంది కాబట్టి బయల్దేరే ముందురోజు వేయించినా ప్రయాణానికి అక్కరకు రాదు. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం కింద వచ్చిన 1978 నాటి రవాణా నియమాల్లో కుక్కలకూ పిల్లులకూ కలిపి ఒక అధ్యాయమే ఉంది. ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందనీ, రేబిస్ సహా అంటువ్యాధి లక్షణాలు లేవనీ పశువైద్యుడు ఇచ్చిన పత్రం వెంట ఉండాలి. నెలలు నిండిన చూలు పిల్లిని తరలించకూడదు. దూరప్రయాణంలో వేసవిలో నాలుగు గంటలకోసారి, శీతకాలంలో ఆరు గంటలకోసారి నీళ్ళు, పెద్ద పిల్లులకు పన్నెండు గంటలకోసారి, కూనలకు నాలుగు గంటలకోసారి మేత ఇవ్వాలి. నలభై ఏళ్ళు దాటినా ఇవి ఇప్పటికీ మంచి కొలతలే.

మెడ వెనక, భుజాల మధ్య చర్మం కింద మైక్రోచిప్ వేయించడం ఇంకా చాలామందికి అలవాటు కాలేదు. బియ్యపుగింజంత ఉండే ఆ చిప్‌లో బ్యాటరీ ఉండదు. స్కానర్ దగ్గరికి తెచ్చినప్పుడు 134.2 కిలోహెర్ట్జ్ తరంగాల శక్తితో పని చేసి 15 అంకెల సంఖ్యను చూపిస్తుంది. అంతేతప్ప పిల్లి ఎక్కడుందో అది చెప్పదు. అందుకే మెడకు తేలిగ్గా ఊడొచ్చే పటకా, దాని మీద ఫోన్ నంబరు కూడా ఉండాలి.

మందుల దగ్గర పొరపాట్లు ప్రాణం మీదికి తెస్తాయి. బస్సులో వాంతులు కాకుండా మనుషులు వేసుకునే మాత్రను సగం చేసి పిల్లికి మింగించే ఇళ్ళున్నాయి. ప్రయాణపు అలసటకు పారాసెటమాల్ ఇచ్చేవారూ ఉన్నారు. పారాసెటమాల్‌ను విషం కాకుండా మార్చి బయటికి పంపే ఎంజైమ్ వ్యవస్థ పిల్లి కాలేయంలో చాలా బలహీనం. ఒక్క మాత్ర చాలు, ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్ మోయలేని స్థితికి చేరి పిల్లి చనిపోవచ్చు. పిల్లి మరీ భయపడేదైతే పశువైద్యుడే గాబాపెంటిన్ రాస్తారు. ప్రయాణానికి గంటన్నర ముందు దీన్ని ఇస్తే ఒత్తిడి లక్షణాలు తగ్గాయని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో జరిగిన అధ్యయనం 2017లో చూపింది. వాంతులకు మారోపిటాంట్ అనే మందు ఉంది. ఏ మందైనా ప్రయాణం రోజున మొదటిసారి ఇవ్వకూడదు. వారం ముందు ఇంట్లో ఒకసారి ఇచ్చి ఎలా పడుతుందో చూసుకోవాలి. విమానంలో వెళ్ళేదానికి గట్టి మత్తుమందు ఇవ్వడం మంచిది కాదని పశువైద్య సంఘాలు చెబుతున్నాయి. మత్తులో రక్తపోటు పడిపోతుంది, శరీరం తన వేడిని తాను సర్దుకోలేదు.

పిల్లులు తప్పిపోయేది ఎక్కువగా దారిలో అనుకుంటారు గానీ, సామాను సర్దే రోజు అంతకంటే ప్రమాదం. ప్యాకర్స్ మనుషులు వస్తారు, టేపు చప్పుళ్ళు, బీరువా ఈడ్చే చప్పుళ్ళు, బార్లా తెరిచిన వీధి తలుపు. పిల్లి చెవి 48 హెర్ట్జ్ నుంచి 85 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. మనకు మామూలు గోలగా అనిపించేది దానికి అంతకంటే చాలా ఎక్కువ. ఆ పూట పిల్లిని, అది మలమూత్రాలకు వాడే మట్టిపెట్టె, నీళ్ళు, దుప్పటితో సహా ఒక బాత్‌రూంలో ఉంచి తలుపు వేసి, ‘తెరవొద్దు, పిల్లి ఉంది’ అని కాగితం అంటించాలి. సామానంతా లారీ ఎక్కాక, ఇల్లు ఖాళీ అయ్యాక, ఆఖరున దాన్ని పెట్టెలోకి ఎక్కించాలి. వాడిన మట్టి ఒక గుప్పెడు, ఉతకని దుప్పటి, గీరుకునే చెక్కో గోనెపట్టో లారీలో వేయకుండా పిల్లితో పాటే తేవాలి. అవి పాత ఇంటి వాసనలు.

హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద మహదేవపురకు సుమారు 570 కిలోమీటర్లు. జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా దారి చాలావరకు తిన్నగా ఉంటుంది. విజయవాడ వైపు నుంచి వచ్చేవారికి దూరం 650 పైనే. చిత్తూరు దాటాక మొగిలి కనుమ మలుపులెక్కి పలమనేరు చేరాలి, అక్కణ్ణించి ముళబాగిలు, కోలారు, హోసకోట. మలుపుల్లో పిల్లికి కడుపు తిప్పుతుంది. లోపలి చెవిలోని ద్రవం శరీరం తిరుగుతోందని చెబుతుంటే, కళ్ళ ముందు పెట్టె గోడ మాత్రం కదలకుండా కనిపిస్తుంది. ఈ రెండు కబుర్లూ పొసగక మెదడులోని వాంతి కేంద్రం కదులుతుంది. మొదటి గుర్తు వాంతి కాదు, చొంగ. గడ్డం కింద తడి, మాటిమాటికీ పెదవులు నాకడం, లోగొంతుతో సాగదీసిన అరుపు కనిపిస్తే వేగం తగ్గించి నింపాదిగా పోనివ్వాలి. బయల్దేరే నాలుగైదు గంటల ముందు మేత ఆపేస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది, నీళ్ళు మాత్రం ఆపకూడదు. పెట్టెను వెనక సీటు మీద అడ్డంగా పెట్టి సీటుబెల్టు బిగించి, పైన పల్చటి బట్ట కప్పి, ఒక పక్క గాలికి వదలాలి. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుందామనుకోవడం ప్రేమతో చేసే పనే. కానీ లారీ హారన్‌కు అదిరిపడి అది బ్రేకు పెడల్ కిందికి దూరితే కారులో ఉన్నవాళ్ళందరి ప్రాణాలూ ప్రమాదంలో పడతాయి.

వేడి విషయం కొంచెం వివరంగా తెలుసుకోవాలి. ఎడారి అంచుల జంతువు సంతానం కాబట్టి విశ్రాంతిగా ఉన్న పిల్లికి 30 నుంచి 38 డిగ్రీల మధ్య వాతావరణం హాయి. మనుషుల కోసం ఏసీ 18కి తిప్పి, ఆ గాలి నేరుగా పెట్టె మీదికి వదిలితే అది వణుకుతుంది. అయితే భయంలో ఉన్న పిల్లి ఒంట్లో వేడి పెరుగుతుంది, దాన్ని పోగొట్టుకునే దారులు తక్కువ. చెమట అరికాళ్ళలో మాత్రమే పడుతుంది, మిగతాది ఒళ్ళు నాకుకుని ఆ తడితో చల్లబరుచుకోవాలి. కుక్కలా నోరు తెరిచి రొప్పడం పిల్లికి మామూలు సంగతి కాదు. నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే కారు ఆపి చల్లటి చోట చూడాలి, తగ్గకపోతే దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్ళాలి. పిల్లి శరీర ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీలు. 40 దాటితే ప్రమాదం మొదలైనట్టు. ఎండలో అద్దాలు వేసి నిలిపిన కారులో గంటలో సుమారు 22 డిగ్రీలు పెరుగుతుందని, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే పెరుగుతుందని 2005లో అమెరికాలో కొలిచారు. అనంతపురం దగ్గర టిఫిన్‌కు ఆగితే ఒకరు కారులోనే ఏసీ వేసుకుని కూర్చోవాలి. ఏప్రిల్, మే నెలల్లో అయితే సాయంత్రం దాటాక బయల్దేరి తెల్లారేసరికి చేరుకోవడం అన్నిటికంటే మేలు. బెంగళూరు పొలిమేరల్లో మరో లాభం కూడా ఉంది: టిన్ ఫ్యాక్టరీ కూడలి, అవుటర్ రింగ్ రోడ్డు పగటిపూట దాటాలంటే ఆగుతూ కదులుతూ గంట గడుస్తుంది. అప్పటిదాకా ఓర్చుకున్న పిల్లి అక్కడే వాంతి చేసుకుంటుంది.

ప్రైవేటు స్లీపర్ బస్సుల డిక్కీలో, సూట్‌కేసుల మధ్య పెట్టె తోసి పంపడం కొందరు చేస్తున్న పని. అక్కడ గాలి ఆడదు, ఇంజను వేడి తగులుతుంది, పిల్లి రొప్పుతోందో లేదో చూసేవారుండరు. అలా పంపాల్సి వస్తే ప్రయాణం మానుకోవడమే మంచిది.

రైల్లో ఏసీ ఫస్ట్‌క్లాసులో కూపే లేదా క్యాబిన్ మొత్తం తమ కుటుంబానికే ఉన్నప్పుడు పెంపుడు జంతువును వెంట ఉంచుకోవచ్చు. పార్సిల్ ఆఫీసులో టీకా పుస్తకం, ఆరోగ్యపత్రం చూపి లగేజీ కింద రుసుము కట్టి రశీదు తీసుకోవాలి. టూటైర్, త్రీటైర్, స్లీపర్‌లలో అనుమతి లేదు. చిక్కేమిటంటే కూపే దొరుకుతుందో లేదో చార్టు తయారయ్యే దాకా తెలియదు. ఆంధ్ర వైపు నుంచి వచ్చే రైళ్ళు చాలావరకు కృష్ణరాజపురంలో ఆగుతాయి. మహదేవపుర వెళ్ళేవారు అక్కడే దిగితే నగరం నడిబొడ్డు దాకా పోయి వెనక్కి రావాల్సిన శ్రమ పిల్లికి తప్పుతుంది.

విమానసంస్థల నియమాలు ఒక్కోదానివి ఒక్కో రకం. ఎయిర్ ఇండియా, 2022 నవంబరు నుంచి ఆకాశ ఎయిర్ చిన్న జంతువులను క్యాబిన్‌లోకి అనుమతిస్తున్నాయి. ఇండిగోలో పెంపుడు జంతువులకు చోటు లేదు. పెట్టెతో కలిపి బరువు పరిమితి ఉంటుంది, అది మారుతూ ఉంటుంది కాబట్టి టికెట్ కొనేముందే ఫోన్ చేసి పిల్లి చోటు ఖాయం చేసుకోవాలి. విమానాశ్రయంలో కష్టమైన ఘట్టం భద్రతా తనిఖీ. పెట్టె ఎక్స్‌రే యంత్రంలోకి వెళ్తుంది, పిల్లిని మాత్రం చేతుల్లో పట్టుకుని మనిషి గుమ్మం దాటాలి. చుట్టూ బీప్‌లు, ట్రేల చప్పుడు. గోళ్ళు భుజంలో దిగుతాయి, పట్టు జారిందంటే అంత పెద్ద టెర్మినల్లో పిల్లిని పట్టడం ఎవరి తరమూ కాదు. అందుకే ఇంటి దగ్గరే ఒంటికి హార్నెస్ అలవాటు చేసి, తాడు మణికట్టుకు చుట్టుకుని తీసుకెళ్ళాలి. పక్క గదిలో తనిఖీ చేయమని భద్రత చూసే సీఐఎస్‌ఎఫ్ సిబ్బందిని ముందే అడగడం మంచిది. బెంగళూరు పిల్లుల ప్రియులకు ఇష్టమైన పర్షియన్ జాతి విషయంలో మరో జాగ్రత్త అవసరం. అణిగిన ముక్కు వల్ల వాటి శ్వాసమార్గం ఇరుకు, వేడిలో ఊపిరి ఆడక చనిపోయే ప్రమాదం ఎక్కువ. చాలా సంస్థలు వాటిని కార్గోలో తీసుకోవు, తీసుకున్నా పంపకూడదు.

మహదేవపుర నుంచి డల్లాస్‌కో లండన్‌కో ఉద్యోగం మారే తెలుగువాళ్ళూ తక్కువేం కాదు. పిల్లుల విషయంలో అమెరికా సులువు. ఆరోగ్యంగా కనిపించాలన్నదే సమాఖ్య స్థాయి షరతు, రాష్ట్రాల నియమాలు విడిగా చూసుకోవాలి. బ్రిటన్, ఐరోపా సమాఖ్య దేశాలకు మైక్రోచిప్ వేయించి, ఆ తర్వాత రేబిస్ టీకా వేయించాలి. 30 రోజులు గడిచాక రక్తపరీక్షలో ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకూడదు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఈ వరుస తప్పితే మళ్ళీ మొదటికే. ఆస్ట్రేలియా భారతదేశం నుంచి నేరుగా రానివ్వదు, అది ఆమోదించిన మరో దేశంలో నెలల తరబడి ఉంచాల్సిందే. ఎగుమతి ఆరోగ్యపత్రం ఇచ్చే కేంద్ర జంతు క్వారంటైన్ కార్యాలయాలు బెంగళూరులోనూ హైదరాబాదులోనూ ఉన్నాయి. హెబ్బాళ వెటర్నరీ కాలేజీలోని రేబిస్ ప్రయోగశాల ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందినది.

చేరాక మొదట చూడాల్సినవి బాల్కనీ, యుటిలిటీ. మహదేవపుర ఫ్లాట్లలో పావురాల కోసం కట్టిన నైలాన్ వల చాలాచోట్ల ఉంటుంది. పిల్లి పళ్ళకూ గోళ్ళకూ అది ఎన్నాళ్ళో ఆగదు, వాషింగ్ మెషిన్ పెట్టుకునే యుటిలిటీ గ్రిల్ సందుల్లోంచి కూన తేలిగ్గా దూరిపోతుంది. బిగుతుగా లాగి కట్టిన లోహపు వల వేయించే దాకా ఆ తలుపులు తెరవకూడదు. పాలు పొంగించేందుకు చుట్టాలంతా వచ్చే పూట పిల్లి వాళ్ళ మధ్య ఉండకూడదు.

పిల్లికి ముందుగా ఒక్క గదే ఇవ్వాలి. ఒక మూల మట్టిపెట్టె, దానికి దూరంగా నీళ్ళూ మేతా, తెచ్చిన దుప్పటి, గీరుకునే చెక్క, దూరడానికి ఒక అట్టపెట్టె. ఈ అట్టపెట్టెను తక్కువగా చూడకూడదు. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లౌడియా విన్కె బృందం ఆశ్రయ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లుల్లో 10 పిల్లులకు దాక్కునే పెట్టెలిచ్చింది, మిగతావాటికి ఇవ్వలేదు. పెట్టెలున్నవాటిలో ఒత్తిడి మొదటి రోజుల్లోనే తగ్గిపోయింది. ప్రయాణపు పెట్టె తలుపు తీసి పక్కన పెట్టి, పిల్లి దానంతట అది బయటికి వచ్చేదాకా ఆగాలి. మంచం కింది నుంచి లాగకూడదు. రాత్రి అందరూ పడుకున్నాక అది గది చుట్టూ తిరుగుతుంది, పొద్దునకు గిన్నె ఖాళీ అయి ఉంటే అంతా సవ్యంగా సాగుతున్నట్టే. నాలుగైదు రోజులకు, బెరుకుదైతే రెండు వారాలకు, గది తలుపు తీసి ఇల్లంతా చూడనివ్వవచ్చు. మెత్తటి బట్టతో దాని ముఖం తుడిచి, దాని బుగ్గలు, భుజాలు తగిలే ఎత్తున ఆ బట్టను గోడ మూలలకు రుద్దితే ఇల్లు అలవాటు కావడం కొంత త్వరగా అవుతుంది. ఫినాయిల్‌తో నేల తుడవడం కొన్నాళ్ళు మానాలి. అది పిల్లులకు విషం కూడా.

నీళ్ళ సంగతి మహదేవపురలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2024 అక్టోబరులో కావేరి తాగునీటి పథకం అయిదో దశ ప్రారంభమైనా ఈ ప్రాంతంలో బోరు నీళ్ళ మీద, ట్యాంకర్ల మీద నడిచే అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఉప్పు తగిలే నీళ్ళను కొత్తగా వచ్చిన పిల్లి మూతి పెట్టి వదిలేస్తుంది. పాత ఊరి నీళ్ళు రెండు మూడు సీసాలు తెచ్చి మొదట్లో కలిపి పెట్టడం, తడి మేత ఎక్కువ ఇవ్వడం మంచిది. మేత రకం మాత్రం నెల దాకా మార్చకూడదు.

ఒక పూట తినకపోతే కంగారు అక్కర్లేదు. రెండు రోజులు దాటితే మాత్రం, అందులోనూ లావుపాటి పిల్లి అయితే, డాక్టరును కలవాలి. తిండి లేనప్పుడు ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరుతుంది, పిల్లి కాలేయం దాన్ని వాడుకోలేక దెబ్బతింటుంది. పాత హెర్పిస్ వైరస్ నరాల్లో దాగి ఉన్న పిల్లికి, ఒత్తిడి తర్వాత వారం అటూ ఇటూగా తుమ్ములూ కళ్ళ నీళ్ళూ మొదలవుతాయి. అన్నిటికంటే తొందరపడాల్సింది మగపిల్లి మట్టిపెట్టెలో కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా పోయకుండా లేచిపోతుంటే. ఒత్తిడితో మూత్రాశయం వాచి, సన్నటి మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోతుంది. తెల్లారేదాకా చూద్దామనుకోకుండా ఆ రాత్రే పశువైద్యశాలకు తీసుకెళ్ళాలి.

బయట తిరిగే అలవాటున్న పిల్లిని కూడా కనీసం మూడు నాలుగు వారాలు ఇంట్లోనే ఉంచాలి. మహదేవపుర వీధుల్లో ట్రాఫిక్, కుక్కలు, అప్పటికే మేరలు పంచుకున్న వీధిపిల్లులు ఉంటాయి కాబట్టి పూర్తిగా ఇంట్లో ఉంచడమే క్షేమం. కొత్త ఇంట్లో ముందే మరో పిల్లి ఉంటే రెండిటినీ మొదటి రోజున ఎదురుపడనివ్వకూడదు. మూసిన తలుపుకు రెండు వైపులా రెండిటికీ మేత పెట్టాలి, దుప్పట్లు మార్చి పరవాలి. ఒకదాని వాసన రెండోది బుసకొట్టకుండా చూడగలిగిన తర్వాత జాలీ తలుపు అడ్డంగా ఉంచి కాసేపు చూపించాలి. ఇందుకు వారాలు పట్టవచ్చు. ఎన్ని పిల్లులుంటే అన్ని మట్టిపెట్టెలు, పైన ఇంకొకటి, వేర్వేరు చోట్ల ఉంచాలి.